విషము లేని ముద్ద ధనికుల సొత్తా?

“సేంద్రియమా? అది మనవంటివారికి కాదమ్మా” అను మాట నేడు పట్టణములలోని మధ్యతరగతి యిండ్లయందు తఱచుగా వినబడుచున్నది. ఒక్క జీతముపై సంసారము నీడ్చుకొనుచు, ఏడాది బిడ్డను చంక నెత్తుకొని, నెల మూడవ వారమునకే డబ్బు సంచి తడిమి చూచుకొను తల్లి యీ మాట యన్నచో మేమామెను తప్పుపట్టము. ఆమెచేత నట్లనిపించినవారిని తప్పుపట్టుదుము. వారు రెండు తెగలవారు. పొలములో పుట్టిన దినుసును అద్దాల అంగడిలో బంగారు రంగు సంచిలో పెట్టి నగవలె అమ్ము వర్తకు లొక తెగ. ఆ సంచిని నలుగురికి కనబడునట్లు బల్లపై నుంచుకొని, తామేదో తపస్సు చేయుచున్నట్లు మాటలాడు శ్రీమంతులు రెండవ తెగ. వీరి యార్భాటమును చూచి సామాన్య గృహస్థుడు ఇది మన త్రోవ కాదని తలంచి మంచి తిండి మాటయే మానుకొనుచున్నాడు. మానుకొని, అట్లు మిగిల్చిన సొమ్మునకు రెట్టింపు సొమ్ము బిడ్డ పేర డబ్బాలకును పొట్లములకును పోయుచున్నాడు. పొదుపు పేర జరుగుచున్న యీ దుబారాను గూర్చియే మేమిచ్చట వ్రాయదలంచితిమి.

మొదట మాటకు అర్థము తేల్చుకొందము. రసాయనపు టెరువులును, కృత్రిమములైన పురుగుమందులును, కలుపుమందులును వాడక పండించినది సేంద్రియము. మన దేశమున దీనికి 2001 నుండి జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమ మను నియమావళి కలదు. ఏటేట వేయు పంటల భూమి రెండేండ్లును, తోటల భూమి మూడేండ్లును ఆ నియమములలో నడచిన పిమ్మటనే దాని పంట కా పేరు దక్కును. 2017లో ఆహార భద్రతా ప్రమాణముల సంస్థవారు వేఱుగా నిబంధనలు చేసి, పొట్లముపై ‘జైవిక్ భారత్’ అను ముద్రను నిర్ణయించిరి. కనీస మయిదుగురు రైతులు జట్టుగా నేర్పడి, ఒకరి పొలము నొకరు తనిఖీ చేసికొని హామీ యిచ్చు పద్ధతియు నున్నది. ఇట్టి ముద్ర గాని, ఎఱిగిన రైతు మాట గాని లేనప్పుడు, పొట్లముపై వ్రాసిన ‘సహజము’, ‘పల్లె రుచి’, ‘అమ్మమ్మ చేతిది’ అను మాటల వలన ఫలము లేదు. అమ్మమ్మ బొమ్మ అచ్చు వేయుట కే తనిఖీయు నక్కఱలేదు.

ఇంకొక సంగతియు దాచక చెప్పవలెను. సేంద్రియాహారమున పోషకములు విశేషముగా హెచ్చుగా నుండునని రుజువు కాలేదు. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పండితులు అంతకు ముందు జరిగిన రెండువందలకు పైగా పరిశోధనలను కూర్చి పరిశీలించి, తేడా పోషకములలో నంతగా లేదనియు, పురుగుమందుల శేషము మాత్రము సేంద్రియాహారమున తక్కువగా నున్నదనియు తేల్చిరి. కాబట్టి ఈ బియ్యము తిన్న బిడ్డకు బుద్ధి పెరుగునని చెప్పువాడు బొంకుచున్నాడు. అయితే శేషము తక్కువ యగుట స్వల్ప విషయము కాదు. శరీరపు బరువును బట్టి లెక్కింపగా పసిబిడ్డ పెద్దవారికంటె నెక్కువ తిండి తినును. వాని మెదడును, కాలేయమును ఇంకను కుదురుకొను దశయందుండును. ఇంటిలో నొకరికే విషము లేని ముద్ద పెట్టగలమన్నచో, ఆ యొక్కరు బిడ్డయే కావలెను. బిడ్డ పాలు త్రాగుచున్నంత కాలము తల్లియు నా లెక్కలో చేరును.

ఇక ధర మాట. బిడ్డ యెంత తినును? ఏడాది దాటి రెండేండ్లు నిండని బిడ్డ, తల్లి పాలు త్రాగుచు, దినమునకు మూడు నాలుగు మాఱులు చిన్న గిన్నెడు తినును. నెల మొత్తము మీద రెండున్నర కిలోల ధాన్యము, ఒక కిలో పప్పు, మూడు కిలోల కూరగాయలు, ఆకుకూరలు మించి వాని కడుపున పట్టవు. సేంద్రియపు ధాన్యము కిలోకు ఏబది రూపాయలును, పప్పు ఎనుబది రూపాయలును, కూరలు ముప్పది రూపాయలును అంగడి ధరకంటె హెచ్చని యనుకొందము. ధాన్యమునకు నూట యిరువది యయిదు, పప్పునకు ఎనుబది, కూరలకు తొంబది. వెరసి నెలకు రెండువందల తొంబది యయిదు రూపాయలు అధికము. మూడువందలకు అయిదు తక్కువ. మూడువందల గ్రాముల శిశుధాన్యపు డబ్బా యొక్కటి కొనుటకు సుమారుగా నింత సొమ్మే పట్టును, ఆ డబ్బా పది దినములు రాదు. అందని మ్రాని పండని మనము తలంచినది చేతి కందుచుండగా, చేతి కందునదని తలంచిన డబ్బాయే మన నెత్తిన చేయి పెట్టుచున్నది.

ఈ డబ్బాల విషయమున కొంత యాగి చెప్పవలసి యున్నది. శిశువుల పాలపొడులకు ప్రకటనలు చేయరాదని మన దేశమున 1992లోనే శాసన మయ్యెను. 2003లో దానిని మఱింత గట్టిపఱచి, రెండేండ్ల లోపు బిడ్డల ఆహారములకును వర్తింపజేసిరి. ప్రకటన లేకున్నను డబ్బా మానలేదు. బంధువుల చేతులమీదుగా, ప్రసవమయిన నాటి కానుకల బుట్టలోనుండి, ఇరుగుపొరుగు తల్లుల పోటీ మాటలనుండి అది యింటిలోనికి నడచి వచ్చుచున్నది. 2024 ఏప్రిలులో స్విట్జర్లాండు దేశపు స్వచ్ఛంద సంస్థ యొకటి, మన దేశమున విరివిగా అమ్ముడు పోవు నొక శిశుధాన్యాహారమున పూటకు సగటున దాదాపు మూడు గ్రాముల చక్కెర కలుపబడుచున్నదనియు, ఐరోపాలో నదే పేరుతో అమ్మునపుడు చక్కెర కలుపుట లేదనియు బయటపెట్టెను. అక్కడి బిడ్డకు అక్కఱలేని తీపి యిక్కడి బిడ్డకు ఏల కావలసి వచ్చెనో అమ్మువారే చెప్పవలెను.

ఇప్పుడు ఆ వరుసలోనే సేంద్రియపు బిస్కత్తులు, సేంద్రియపు ఉబ్బు గింజలు, సేంద్రియపు పండ్ల గుజ్జు సంచులు వచ్చి చేరినవి. చదువుకొన్న తల్లిదండ్రులు మోసపోవునది యిక్కడనే. సేంద్రియపు చక్కెరయు చక్కెరయే. సేంద్రియపు మైదాయు మైదాయే. చెఱకు తోటలో ఎరువు మాఱినంత మాత్రమున పాలపంటి పుచ్చు మాఱదు. రసాయనములతో పండిన తోటకూర పప్పులో ఉడికించి పెట్టిన తల్లి, ముద్రలు గల సేంద్రియపు బిస్కత్తు చేతి కిచ్చిన తల్లికంటె నెక్కువ మేలు చేసినదని మేము జంకు లేక చెప్పుదుము.

మఱి బిడ్డ కేమి పెట్టవలెను? క్రొత్తది కనిపెట్ట నక్కఱలేదు. మన యిండ్లలో ఉగ్గు అను మాట యింకను బ్రతికియే యున్నది. రెండు పాళ్ళు బియ్యమును, ఒక పాలు పెసరపప్పును దోరగా వేయించి, బరకగా విసరి పెట్టుకొన్న పిండి నెల దినములు నిలువ యుండును. ధాన్యమున కొఱవడిన మాంసకృత్తుల భాగము పప్పున నున్నది, పప్పున కొఱవడినది ధాన్యమున నున్నది. రెండును కలిసినప్పుడే బిడ్డకు పూర్ణమైన ఆహార మగును. ఉడికిన ఉగ్గు చెంచానుండి జాఱిపోవునంత పలుచగా నుండరాదు. పలుచని గంజి కడుపు నింపును గాని బలము నీయదు. బిడ్డ కడుపు చిన్నది, అందు నీటికి చోటిచ్చినచో అన్నమునకు చోటుండదు. పైన ఒక చెంచా నెయ్యి గాని నువ్వుల నూనె గాని వేయవలెను. ఏడాది నిండువఱకు ఉప్పును చక్కెరయు కలుప నక్కఱలేదు. మన నాలుకకు చప్పనైనది బిడ్డ నాలుకకు చప్పన కాదు.

రాగుల మాట వేఱుగా చెప్పవలెను. నూఱు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియ మున్నది. తెల్ల బియ్యమున పదియైన నుండదు. ఆవుపాలలో సుమారు నూట యిరువది. ఇట్టి ధాన్యమును మనము పేదల తిండియని మొన్నటివఱకు ఈసడించి, 2023ను ఐక్యరాజ్యసమితివారు చిఱుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట అదే ధాన్యమును చాకలెట్టు పొడితో కలిపి రెట్టింపు ధరకు కొనుచున్నాము. రాగులను వట్టిగా కొని, కడిగి, రాళ్ళు గాలించి, ఒక రాత్రి నానబెట్టి, నీరు వంచి, తడి గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చిన పిమ్మట ఆఱబెట్టి, కమ్మని వాసన వచ్చువఱకు వేయించి మరకు పంపవలెను. ఈ మొలక కట్టుట వట్టి ఆచారము గాదు. మొలకెత్తినప్పుడు గింజలో పుట్టు ద్రవ్యము పిండిపదార్థమును విఱుగగొట్టును. అందుచే జావ చిక్కబడక, అదే గిన్నెలో ఎక్కువ పిండి యిముడును. గింజలోని యినుమును శరీరము గ్రహింపకుండ అడ్డగించు పదార్థమును కొంత తగ్గును. జావ చల్లారిన పిమ్మట నాలుగు చుక్కలు నిమ్మరసము పిండినచో, లేదా పప్పున ఉసిరికయో టమాటయో వేసినచో, ఇనుము మఱింత చక్కగా వంటబట్టును. మన పెద్దలు రుచికి చేసిన యీ పనికి కారణము పరిశోధకులు తరువాత కనుగొనిరి.

బియ్యము విషయమునను ఒక్క మాట. ఉత్తర సర్కారు జిల్లాలలో మర పట్టిన తెల్ల బియ్యము తినువారికి బెరిబెరి వ్యాధి వచ్చుచుండగా, దాని కారణము వెదకుటకై 1918లో కూనూరున ఒక చిన్న పరిశోధన మొదలయ్యెను. అదియే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదునకు తరలి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. తెలుగు వారి తెల్లన్నపు మోజే ఆ సంస్థ పుట్టుకకు కొంత కారణమనినచో అతిశయోక్తి గాదు. అంతటి చరిత్ర గల మనము, మల్లెపూవువలె మెఱయు సేంద్రియపు బియ్యమునకు హెచ్చు ధర యిచ్చుచున్నాము. ఆ సొమ్ముతోనే సింగిల్ పాలిష్ బియ్యము కొనవచ్చును. కాదేని నెలకు వలయు బియ్యమున నాలుగవ వంతు తగ్గించి, కొఱ్ఱలో జొన్నలో వండుకొనవచ్చును.

సేంద్రియ మనగా ధనికుల వేడుక యనువారికి ఆ సేద్యము మన తెలుగు నాట ఎవరి చేతులలో పెరిగినదో తెలియదు. 1997, 1998 సంవత్సరములలో ఓరుగల్లు ప్రాంతపు పత్తి రైతులు పురుగుమందుల అప్పులలో కూరుకొని, కొందఱు ఆ మందునే త్రాగి ప్రాణములు తీసికొనిరి. ఆ దుఃఖము చల్లారక ముందే కొన్ని పల్లెలు మందులకు స్వస్తి చెప్పినవి. నేటి జనగామ జిల్లాలోని ఏనబావి యను చిన్న యూరివారు 2006 నాటికి ఊరి పొలము లన్నిటను రసాయనములు మానిరి. అంతకు కొంచెము ముందు, 2004, 2005 ప్రాంతమున, ఆంధ్రదేశపు మహిళా స్వయంసహాయక సంఘములు పురుగుమందులు లేని సేద్యమును ఊరూర వ్యాపింపజేయ నారంభించినవి. జహీరాబాదు చెంత పస్తాపురమున 1983లో నెలకొన్న డెక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు, ఎరువు వేయని చెలకలలో జొన్నలు, కొఱ్ఱలు, సామలు, పప్పుధాన్యములు కలిపి పండించి, విత్తనమును తమ యింటనే దాచుకొనిరి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటరు బహుమతి లభించెను. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతు సాధికార సంస్థ ద్వారా చేపట్టిన ప్రకృతి సేద్యము 2024లో గుల్బెంకియను బహుమతిని పంచుకొన్నది. ఆ సేద్యమున ఎకరమునకు వాడు ద్రవజీవామృతము పది కిలోల పేడ, ఆవు పంచితము, రెండు కిలోల బెల్లము, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను, రెండువందల లీటర్ల నీరు మాత్రమే. ఇందు ఖరీదైన వస్తు వేది? అప్పుల పాలైన పేద రైతు, కూలి స్త్రీ, తమ ప్రాణము దక్కించుకొనుటకు పట్టిన సేద్యము, నాలుగు చేతులు మాఱి మన వీధికి వచ్చునప్పటికి శ్రీమంతుల వేడుక యైనది. ఆ నడిమి చేతులను ప్రశ్నింపక మనము సేద్యమునే నిందించుచున్నాము.

ఇక్కడనే మన గృహస్థుల పొదుపునందలి యొక వికారమును చెప్పక తప్పదు. అద్దాల అంగడిలో అచ్చు వేసిన ధరకు నోరెత్తని పెద్దమనిషి, వీధిలో గంపతో కూర్చున్న అవ్వ కడకు వచ్చి తోటకూర కట్టపై రెండు రూపాయలు తగ్గించుమని గద్దించును. అట్లు చేసి యింటికి వచ్చి, ఆ రెండు రూపాయలను పొదుపుగా లెక్క వ్రాయును. కలుపును మందుతో గాక చేతితో తీయించిన రైతునకు కూలి ఖర్చు హెచ్చు. మొదటి రెండు మూడేండ్లు దిగుబడి తగ్గుటయు కలదు. ఆ భారమును మనము మోయనిచో అది యాతని భార్య నడుమునకు చేరును, ఆతని బిడ్డ కంచమునకు చేరును. మన బిడ్డ ముద్దలో విషము లేకుండుటకై మఱియొక బిడ్డ ముద్ద తగ్గవలెనా? మందు కొట్టు కూలివాని బిడ్డ ఆ మందు అంటిన చీరకొంగు పట్టుకొనియే పెరుగునని మఱవరాదు. మన పొదుపు పొట్లముపై జరుగవలెను గాని రైతు చెమటపై జరుగరాదు.

ఇంటిలోపలి సంగతి యింతకంటె కష్టము. పొదుపుగా బిడ్డను పెంచు విద్యను బోధించువారందఱును, తెలిసియో తెలియకయో, ఆ భారమంతయు తల్లి నెత్తిన పెట్టుచున్నారు. నానబెట్టునది, మొలక కట్టునది, విసరించునది, వండునది, తినిపించునది, గిన్నె తోమునది ఆమెయే. ఆమె పనికి కూలి కట్టకపోవుటచే ఇంటి తిండి చవకగా కనబడుచున్నది. మరకు మూట మోయుటయు, రాళ్ళు గాలించుటయు, బిడ్డ యుమ్మిన ఉగ్గు తుడుచుటయు పురుషునకు తెలియని విద్యలు గావు. ఇంట చేయు పనిలో పాలు పంచుకొనని భర్తకు, ఆహారపు ఖర్చు తగ్గించుమని చెప్పు నధికారము లేదు. ఇది మా నిశ్చితాభిప్రాయము.

తల్లి పాలకంటె చవకైన ఆహారము లేదందురు. ఆఱు నెలలు నిండువఱకు తల్లి పాలు తప్ప వేఱేమియు పెట్టరాదనియు, పిదప రెండేండ్లు దాటువఱకును మాన్పింప నక్కఱలేదనియు వైద్యులు చెప్పునది అక్షరాల నిజము. చవక యనుటయే అబద్ధము. ఆ పాలు ఆమె శరీరమునుండి వచ్చుచున్నవి. తొలి ఆఱు నెలలు పాలిచ్చు తల్లికి దినమునకు సుమారు అఱువందల కెలోరీల తిండి యధికముగా కావలెనని మన పోషకాహార శాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. మన యిండ్లలో జరుగునదేమి? బాలింతరాలికి పథ్యమని పప్పు మానిపింతురు, ఆకుకూర మానిపింతురు, నీళ్ళు సహితము కొలిచి యిత్తురు. పథ్యము తీఱిన పిమ్మట, అందఱు తినిన మీదట గిన్నె అడుగున మిగిలినది ఆమె భాగము. ఇక మగబిడ్డకు గ్రుడ్డు, ఆడుబిడ్డకు చాఱన్నము పెట్టు ఇండ్లు నేటికిని లేకపోలేదు. అట్టి యింటికి సేంద్రియపు బియ్యము బస్తాలతో వచ్చినను ఏమి లాభము? పొదుపు పంక్తిలో చివరగా కూర్చున్న స్త్రీ కంచమునుండి మొదలగుచున్నంత కాలము, ఆ యింట ఆహార సంస్కరణ మను మాట పలుకుటయే నగుబాటు.

వేఱొక దిక్కునుండి వచ్చు ప్రమాదమును గుఱించియు హెచ్చరింపవలెను. సేంద్రియమును ఆహారముగా గాక మతముగా పట్టినవారు కొందఱు బయలుదేరినారు. పూర్వకాలమున అంతయు సహజమే యనియు, అందఱు ఆరోగ్యముగనే యుండిరనియు వీరి వాదము. పూర్వకాలమున రసాయనములు లేకుండెను గాని పిల్లలు దక్కలేదు. 1951 ప్రాంతమున మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 146 మంది ఏడాది లోపుననే పోవుచుండిరి. 2023 నాటి కా సంఖ్య 25 అయినది. టీకాలు, శుభ్రమైన నీరు, మంత్రసాని చేతికి బదులు వైద్యశాల, ఇవి యా ప్రాణములను నిలిపినవి. పుట్టిన బిడ్డ నాలుకపై తేనె నాకించుట, ఆముదము పోయుట సహజమని పొగడువారున్నారు. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రాణాపాయము తేగలదు. కాచని పాలు బలమని చెప్పువారును వీరిలో కలరు. వైద్యుడు వ్రాసిన యినుప చుక్కలను రసాయనమని పాఱబోసి, రక్తము లేక పాలిపోయిన బిడ్డకు బెల్లపు పానకము త్రాగించుట సంస్కారము గాదు, అంధవిశ్వాసమునకు క్రొత్త అంగరకా తొడుగుట.

కొనగలిగినంత కొనుట యెట్లన్నది మిగిలినది. అన్నియు నొక్కసారిగా మాఱ్ప జూచినవారు మూడవ నెలలో విసిగి మానుదురు. మేమైనచో మొదట ధాన్యము, పప్పు, ఆకుకూరలు అందుము. పాలు చివరకు విడుతుము; సేంద్రియపు పాలకు పెట్టు హెచ్చు ధర చిన్న సంసారమునకు మోయరానిది, ఏడాది దాటిన బిడ్డకు దినమునకు అర లీటరు మించి పాలు పోయుటయు మంచిది గాదు, అన్నము మాని పాలకే మరగి రక్తహీనత పాలగును. అంగడి పాలు బాగుగా కాచి పోసినచో చాలును. పండ్లలో అరటి, బొప్పాయి తొక్క తీసి పెట్టునవి. వానికై విశేషముగా ఖర్చు పెట్ట నక్కఱలేదు. సేంద్రియపు కూర దొరకని నాడు కూర మానరాదు. ఉప్పు నీటిలో కొంతసేపు ఉంచి, ధారగా పాఱు నీటిలో కడిగినచో పైనంటిన మందు కొంత పోవును. మొక్క లోపలికి ప్రాకిన మందు కడుగుటచే పోదు గాని, భయపడి బిడ్డకు ఆకుకూర మానిపించుట అంతకంటె చెఱుపు. అద్దె యింటివారికైనను ఎండ తగులు గోడవార నాలుగు తొట్లకు చోటు దొరకక పోదు. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు హైదరాబాదున మిద్దెతోటల ప్రచారము చేసి, డాబాపైన కుటుంబమునకు సరిపడు కూరలు పండునని చూపిరి. మన కంతటి సాహసము లేకున్నను, మెంతికూర, తోటకూర నెల లోపుననే కోతకు వచ్చును. మునగచెట్టు పొరుగింట నున్నను ఆకు అడుగుటకు సిగ్గుపడ నక్కఱలేదు.

సొమ్ము లేదందురా? ఏడాది నిండిన బిడ్డకు మండపము కట్టి, రంగు బుడగలు వ్రేలాడదీసి, మూడంతస్తుల మిఠాయి కోసి, ఏబదివేల రూపాయలు వ్యయించుట నేడు సామాన్య గృహస్థులలోను మామూలయినది. బిడ్డ ఆ సందడికి బెదరి యేడ్చుచుండగా ఛాయాచిత్రములు తీయుదురు. పై లెక్క ప్రకారము నెలకు రెండువందల తొంబది యయిదు చొప్పున ఏడాదికి మూడువేల అయిదువందల నలువది. ఆ యొక్క సాయంకాలపు ఖర్చు పదునాలుగేండ్ల విషము లేని ముద్దకు వచ్చును; బిడ్డ పెరిగినకొలది తిండి హెచ్చునని సగమునకు తగ్గించినను ఏడేండ్లకు తక్కువ గాదు.

ఒక వీధిలోని నాలుగైదు కుటుంబములు కలిసినచో పని యింకను తేలిక యగును. తెలిసిన రైతు నొకనిని వెదకి, ఒకనాడు అందఱును పిల్లలతో గూడ ఆతని పొలమునకు పోయి చూడవలెను. చేను చూచినవానికి ముద్రతో పని తక్కువ. ఖరీఫు పంట నూర్పులై సంక్రాంతి వచ్చునప్పటికి ఏడాదికి వలయు బియ్యము, కందులు, పెసలు మాటాడుకొని, కొంత సొమ్ము ముందుగా నిచ్చినచో, రైతు వడ్డీ వర్తకుని యింటికి పోవుట తప్పును, మనకు అంగడి లాభమంతయు మిగులును. బస్తాలు ఎండలో ఆఱబోసి, వేపాకు వేసి, నేల తేమ తగులకుండ బల్లపై నుంచవలెను. పప్పునకు కొంచెము ఆముదము రాచినచో పురుగు పట్టదు. పట్టినను చెఱిగి వాడుకొనవచ్చును. ధర విషయమున రైతు చెప్పినదానికి, కూలి లెక్క అడిగి తెలిసికొని, సరి యనవలెను. పంచుకొనునప్పుడు కొలతపాత్ర పట్టుకొను పని యీ మాఱు మగవారు చేయవలెను.